బియ్యం డ్రమ్ములో పెట్టిన మాటలు

"ముట్టుకోవద్దమ్మా అంటున్నాను కదా. ముట్టుకుంటే ఉన్నది కూడా పోతుంది."

"ముట్టుకోకుండా ఎన్నాళ్ళు కూర్చుంటావే? ఆ కాకినాడ మెకానిక్కు ఎప్పుడొస్తాడో వాడికే తెలీదు. లోపల మనిషి అప్పటిదాకా ఉంటారని నీకెవరైనా రాసిచ్చేరా?"

"మెల్లిగా మాట్లాడు. నాన్నగారు వింటారు."

"విననీ. ఆయన పుస్తకం. ఆయనకి తెలియాల్సిందే."

"అయితే నువ్వే వెళ్ళి చెప్పు. మీ పుస్తకం పాడైపోయిందండీ అని నీ నోటితో చెప్పు చూద్దాం."

నేను వెళ్ళలేదు. చేటలో మినపప్పు ఏరుతున్నాను, అదే ఏరుకుంటూ కూర్చున్నాను.

ఎనభైల ఆఖర్లో ఒక ఎండాకాలం మొదట్లో మా వీధి అరుగు మీద నాకూ మా రెండో అమ్మాయికీ జరిగిన గొడవ ఇది. లోపల మంచం మీద ఉన్నది మా ఆయన. బడిలో మేష్టరుగా చేసి రిటైరయ్యారు. చక్కెర జబ్బు ముందు చూపు తీసింది, తర్వాత మూత్రపిండాల మీదికి వచ్చింది. అమలాపురం డాక్టరుగారు ఇంటికి తీసుకెళ్ళిపొమ్మన్నారు, ఆయన ఏది తింటానంటే అది పెట్టమన్నారు. ఆ మాటకి అర్థం మాకు తెలుసు, ఆయనకీ తెలుసు. మా ఇంట్లో దాని గురించి ఎవరమూ మాట్లాడుకోలేదు.

ఆయన చేస్తున్నది మాటల పుస్తకం. మా ఇద్దరివీ కూలి చేసుకు బతికిన కుటుంబాలే. మిషనరీల బడి పుణ్యమా అని ఆయన చదువుకున్నారు. రామచంద్రపురంలో హాస్టల్లో ఉండి చదివే రోజుల్లో ఆయన నోరు తెరిస్తే తోటివాళ్ళు నవ్వేవారట, అదేం మాట, ఏ పుస్తకంలో ఉంది అని. ఏ పుస్తకంలోనూ లేకపోతే నేనే రాస్తానని అప్పుడే అనుకున్నారట. అనుకున్న పని రిటైరయ్యాక మొదలుపెట్టారు. నాట్లకి ముందు పొలం దమ్ము చేసేటప్పుడు ఎడ్లతో అనే మాటలు, కొబ్బరి దింపులో మాటలు, పిల్లల జ్వరాలకి మావాళ్ళు పెట్టుకున్న పేర్లు, నాట్లలో ఆడవాళ్ళు ఒకరినొకరు ఆటపట్టించుకునే మాటలు. వీటిలో సగానికి పైగా మా అమ్మవి. మా అమ్మ నడుం వంగేదాకా నాట్లు వేసింది. ఆవిడ పోయాక ఆ మాటలు నా దగ్గర ఉన్నాయి. నేను గిన్నెలు తోముతుంటే ఆయన నూతి దగ్గరికి పీట తెచ్చుకుని కూర్చునేవారు.

"కురిడీ అంటే ఏం చెప్తావే?"

"కురిడీ అంటే కురిడీయే. దానికి చెప్పడమేంటండి?"

"తెలియనోడికి ఎలా చెప్తావు?"

"కాయలోనే నీళ్ళింకిపోయి, ఊపితే లోపల గుడ్డు ఆడేది. కొబ్బరికాయ తెలియనోడు కూడా ఉంటాడా?"

"ఉంటాడు. వాడి కోసమే ఈ పుస్తకం." రాసుకుంటూ నవ్వేవారు. "మీ అమ్మా నువ్వూ నోరు తెరిస్తే తిట్లే వస్తాయనుకున్నాను ఇన్నాళ్ళూ. ఇంత సరుకుందని తెలిస్తే పెళ్ళైన రోజు నుంచే రాసుకుందును."

రాసుకోవడం పలక మీద. మా ఇంట్లో కాగితం అలా ఖర్చు పెట్టే అలవాటు ఆయనకీ లేదు, నాకూ లేదు. మేం ఒబ్బిడిగా బతికాం కాబట్టే నలుగురు పిల్లలు చదువుకున్నారు. బడిలో ఉన్నన్నాళ్ళూ పాఠం ముందు పలక మీద రాసుకుని, సరిచూసుకుని, అప్పుడు బోర్డు మీద రాసేవారు. ఈ పుస్తకానికీ అదే పద్ధతి. మా రెండో అమ్మాయి అమలాపురంలో ఒక టైపు ఇన్‌స్టిట్యూట్‌లో నేర్పేది. అక్కడికి ఒక కంప్యూటరు వచ్చింది. సాయంత్రం పలక మీదివి తన నోటు పుస్తకంలో పెన్సిలుతో దింపుకుని, మర్నాడు అక్కడ కొట్టేసి, ఆ పేజీ రబ్బరుతో చెరిపేసి మళ్ళీ అదే పేజీ వాడేది. తెలుగు మాటలైనా ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టాలి. ఆయనకి అది నచ్చేది కాదు. "మన మాటలకి దొరగారి టోపీ పెట్టేవమ్మా" అనేవారు. పూర్తయ్యాక మళ్ళీ తెలుగులో రాయించుకుందాం, అంతా అయ్యాకే ఒక్కసారి కాగితం మీదికి తీద్దాం అని తండ్రీ కూతురూ అనుకున్నారు. చూపు మందగించాక పలక మీద అక్షరాలు పెద్దవయ్యాయి. తర్వాత పలక మానేసి, మంచం మీదనుంచే చెప్పడం, అమ్మాయి రాసుకోవడం. అలా 'ప' అక్షరం దాకా వచ్చారు.

ఈలోగా ఇన్‌స్టిట్యూట్‌లో పాత మిషను చెడిపోయింది. దానికి సామాన్లు దొరకవన్నారు. మేష్టరుగారు, అంటే ఆ ఇన్‌స్టిట్యూట్ నడిపే ఆయన, కొత్తది కొన్నారు. పాత మిషను పనులు ఈ కొత్తదానికి అర్థం కావు. అందుకని హైదరాబాదు నుంచి ఒక ప్రోగ్రాం తెప్పించారు. అది వేస్తే కొత్త మిషను లోపల పాత మిషను లేచి కూర్చునేది. తెరా అదే, పనీ అదే, మనిషి మాత్రం లేడు అన్నట్టు. పాత మిషను డిస్కుల్లో ఉన్నదంతా తెచ్చి కొత్తదాంట్లో ఒకే పెద్ద మూటగా కట్టి పెట్టారు. నాకు అమ్మాయి ఇలా చెప్పింది. "ట్రంకుపెట్టెలో ఇంకో చిన్న పెట్టె ఉందనుకో అమ్మా. పెద్ద పెట్టెకి చిన్నది ఒక వస్తువు, అంతే. చిన్నదాంట్లో ఏ చీర ఏ మడతలో ఉందో పెద్దదానికి తెలీదు. అది చిన్నదానికే తెలుసు. అందులో ఒక చీటీ ఉంటుంది, ఏది ఎక్కడుందో చెప్పేది."

గొడవ అయిన వారంలోనే ఒక మధ్యాహ్నం అమ్మాయి 'ప' మాటలు కొట్టి, లోపలి మిషను ఆ చీటీ రాసుకుంటుండగా కరెంటు పోయింది. రోజూ పోయేదే. వచ్చాక చూస్తే పెద్ద పెట్టె బాగానే ఉంది. మూట ఉంది, బరువు కూడా సరిగ్గానే ఉంది. లోపలి మిషను లేచింది. క, గ, చ అని పేర్లన్నీ వరసగా కనిపించాయి. తెరిస్తే మాత్రం 'క' లో ఎవరో పిల్లలు టైపు నేర్చుకోవడానికి కొట్టిన వాక్యాలున్నాయి. 'చ' లో సగం చ, సగం ఏవో గుర్తులు. మాటలెక్కడికీ పోలేదనీ, చీటీ చెడిపోయి ఏది ఎక్కడుందో మిషనుకి తెలియడం లేదనీ అమ్మాయి చెప్పింది. పోలేదన్న మాట పట్టుకుని నేను ఆ రాత్రి నిద్రపోయాను.

మర్నాడు పాత డిస్కులు గుర్తొచ్చాయి. మూట కట్టకముందువి, 'త' దాకా ఉన్నవి, మా ఇంట్లోనే ఉన్నాయి. ఎక్కడంటే బియ్యం డ్రమ్ములో. మా వైపు వానాకాలంలో గోడలకి కూడా బూజు పడుతుంది. చెమ్మ తగలకూడనివి ఏవైనా బియ్యం డ్రమ్ములోనే పెడతాం. అగ్గిపెట్టెలు, అప్పడాలు, పిల్లల సర్టిఫికెట్లు అన్నీ అందులోనే. అమ్మాయి కూడా అలవాటు ప్రకారం ఆ డిస్కుల్ని గుడ్డ సంచిలో చుట్టి బియ్యం అడుగున పెట్టింది. బయటికి తీసి చూస్తే చెమ్మ తగల్లేదు, నిజమే. గుడ్డలోంచి తవుడు మాత్రం సన్నగా లోపలికి దిగింది.

అమ్మాయి ఊదింది, మెత్తటి గుడ్డతో తుడిచింది. నేనూ చూస్తానని ఆ రోజు ఆమెతోపాటు బస్సెక్కాను. మా ఆయన దగ్గర పక్కింటి వదినగారిని కూర్చోబెట్టాను. మొదటి డిస్కు పెడితే మిషను గరగరమంది. రెండోది పెడితే ఎర్రలైటు వెలిగి ఇక ఆరలేదు. మేష్టరుగారు డిస్కు బయటికి లాగి, వెలుతురులో పెట్టి చూసి, వేలితో రుద్ది వాసన చూశారు.

"పిన్నిగారండి, మిషనుకి తవుడు పెట్టేరండి. ఇంక పాలు పిండుకోడమేనండి."

"నవ్వులాటగా ఉందా బాబూ నీకు?"

"నవ్వక ఏం చెయ్యమంటారండి. డిస్కులు తవుడుతో గీసుకుపోయాయి, అవి పెట్టే చోటు కూడా పాడైపోయింది. ఇప్పుడు దీంట్లోంచి ఏదీ బయటికి రాదు, బయటిది లోపలికి వెళ్ళదండి. కాకినాడ నుంచి మనిషి రావాలి."

అంటే ఏమిటో అమ్మాయి బస్సులో చెప్పింది. చెడిపోయినదాన్ని బాగుచేసేముందు ఉన్నది ఉన్నట్టుగా ఇంకోచోట నకలు తీసుకోవాలట. నకలు మీద చెయ్యి పెట్టాలి తప్ప అసలు మీద పెట్టకూడదట. ఇప్పుడు నకలు తీసే దారి మూసుకుపోయింది. మిషనులోనే ఇంకోచోట నకలు పెడదామంటే అంత చోటు లేదు, పిల్లల పనులతో నిండిపోయింది. కాబట్టి కాకినాడ మనిషి వచ్చేదాకా ఆగాలి. ఆ మనిషి పదిహేను రోజుల్లో రావచ్చు, నెల పట్టవచ్చు. ఈలోగా కొత్త బ్యాచి చేరుతుంది, మిషను ఇక వాళ్ళదే. మేష్టరుగారు చెడ్డవారు కాదు. అది ఆయన జీవనం.

మొదట చెప్పిన అరుగు మీది గొడవ ఆ సాయంత్రం అయింది. అమ్మాయి ఆగుదామంటుంది. ఆగడానికి మనిషి ఉండాలి కదా అని నేను. ఆ రోజు నేనన్న మాటే ఇప్పుడు అడిగినా అంటాను. ఆయన పోయాక ఎవరికి వినిపించడానికి ఆ పుస్తకం?

మినపప్పులో రాళ్ళు ఏరడం అయిపోయింది. అమ్మాయి గోడకి ఆనుకుని నిలబడి ఉంది. అప్పుడు లోపలినుంచి ఆయన పిలిచారు.

"అమ్మాయ్, వచ్చేవా?"

"ఆయ్, వచ్చేనండి నాన్నగారండి."

"ఎక్కడిదాకా వచ్చేం మనం?"

"'ప' దాకా అండి."

"మిగతావి చెప్పేస్తాను గానీ, ముందు మొదటినుంచి ఒక్కసారి చదివి పెట్టమ్మా. ఏది చెప్పేనో ఏది చెప్పలేదో కలిసిపోతన్నాయి నాకు. మీ అమ్మమ్మ మాటలు అన్నీ పడ్డాయో లేదో చూసుకోవాలి. కాగితం ఖర్చయితే అయింది, తీసుకొచ్చెయ్యి."

"రేపు తెస్తానండి."

ఆమె ఆ మాట అనడం నేను గుమ్మంలోంచి విన్నాను. బయటికి వచ్చి నా మొహం చూడకుండా, "రేపు మధ్యాహ్నం బస్సుకి వెళ్దాం. నువ్వూ రా" అంది. ఎందుకు రమ్మందో అప్పుడు అడగలేదు. అమ్మమ్మ మాటలు ఏ ముక్క ఎక్కడిదో గుర్తుపట్టడానికి నేను కావాలని తర్వాత తెలిసింది.

మర్నాడు ఇన్‌స్టిట్యూట్‌లో పిల్లలు లేని వేళ చూసి కూర్చున్నాం. టైపు మిషన్లకి గుడ్డలు కప్పి ఉన్నాయి. పైన ఫ్యాను తిరుగుతోంది. అమ్మాయి దణ్ణం పెట్టుకున్నట్టు కళ్ళు మూసుకుని తెరిచింది. ప్రార్థన చేసుకుందని నాకు తెలుసు.

"బయటనుంచే బాగుచేసెయ్యొచ్చు కదండీ? తేలిక" అన్నారు మేష్టరుగారు.

"బయటదానికి ఇది ఒక మూటేనండి. మూట బాగానే ఉందంటుంది. లోపలికెళ్ళే చెయ్యాలండి."

లోపలి మిషనుని లేపి, బాగుచేసే పని మొదలుపెట్టింది. అది ఒక్కొక్క ముక్కా చూసుకుంటూ, రెండు పేర్లు ఒకే ముక్క నాదంటే నాదన్నప్పుడు ఆగి అడిగేది, ఎవరికివ్వను అని. ముక్కలో ఉన్నది అమ్మాయి చదివేది.

"'నాటేసే వరసలో వెనకబడిన మనిషిని...' అమ్మా, ఇది ఏ మాటకి?"

"దానికి అమ్మ వేరే మాటనేది. 'వ' లో వస్తుంది. ఇంకా అక్కడిదాకా రాలేదు కదా మీరు. ఇది ఏ మాటకి చెప్పేరో మరి."

"'గ' లోదా, 'క' లోదా చెప్పమ్మా. ఏదో ఒకటి చెప్పాలి."

"కూనిరాగం అన్నచోట చెప్పుంటారు. వెనకబడిన మనిషిని చూసి తీసే రాగం. 'క' కే ఇచ్చెయ్యి."

ఇచ్చింది. అలా చాలాసేపు గడిచింది. పొలం గట్లు పోయాక కొలతగాడు వచ్చి అడుగుతున్నట్టే ఉంది. ఒకరికిస్తే ఇంకొకరికి పోతుంది. అయినా మధ్యలో ఒకసారి 'క' తెరిచి చూస్తే పిల్లల వాక్యాలు పోయి మా మాటలు వచ్చాయి. వరసగా, ఆయన చెప్పినట్టే. కమ్మ, కల్లం, కాడి, కుప్ప. అమ్మాయి గట్టిగా చదివింది. కుప్ప దగ్గర ఆయన మా అమ్మ మాట పెట్టారు, "రాత్రి వాన వస్తదని కుప్ప మీద పడుకున్న మనిషికి నిద్దరుండదు" అని. ఆ మాట నేను ఆయనతో ఎప్పుడో అన్నాను. ఎప్పుడన్నానో నాకే గుర్తులేదు. మా అమ్మ గొంతే విన్నట్టయింది. మేష్టరుగారు కూడా "బాగుందండి పిన్నిగారండి" అన్నారు.

అమ్మాయి మొహంలోకి కళ వచ్చింది. "వచ్చేస్తంది అమ్మా" అంది. తర్వాతి ప్రశ్నకి అవును అని నొక్కింది. ఆ తర్వాతిదానికీ అవుననే నొక్కింది. అప్పుడు లోపలి మిషను ఆగిపోయింది. తెర మీద ఉన్నది ఉన్నట్టే నిలిచిపోయింది. ఏది నొక్కినా కదల్లేదు.

కాసేపు ఆగి మళ్ళీ లేపారు. లేచింది. పేర్లు అడిగితే ఒక్కటీ చూపించలేదు. అంతా ఖాళీ అంది.

"ఇది నిజంగా ఖాళీ కాదు కదే? చీటీ పోయింది, చీరలున్నాయి అన్నావు."

"ఉన్నాయమ్మా. చూస్తాను ఉండు."

ఇక మిగిలింది బయటనుంచి మూట విప్పడమే. మూటని ముక్కలు ముక్కలుగా విప్పి, ప్రతి ముక్కకీ పేరుకి బదులు అంకె పెట్టి పడేసే పని ఒకటుంది. అదీ చేసింది. తెర నిండా అంకెలు. కొన్ని తెరిచి చూశాం. ఒకదాంట్లో ఒక్క అర్థమే ఉంది, "ఊపితే లోపల గుడ్డు ఆడేది" అని. మాట లేదు. ఇంకోదాంట్లో వరసగా మాటలే ఉన్నాయి, అర్థాలు లేవు. చాలావాటిలో ఏమీ లేదు, చుక్కలూ గీతలూ. బాగుచేసే పనే మాటల మీద తన రాత రాసుకుపోయిందని అమ్మాయి చెప్పింది. ఆ చెప్పడంలో నా మీద నిష్ఠూరం ఏమీ లేదు. ఉంటే బాగుండేది. ఏదైనా అంటే నేనూ ఏదో ఒకటి అందును.

"అంకెలన్నీ దింపుకుని కూర్చి రాసుకోవచ్చేమో అండీ" అన్నారు మేష్టరుగారు.

"కూర్చడానికి చెప్పిన మనిషి కావాలండి" అంది అమ్మాయి.

చీకటి పడకముందు బస్సు దొరికింది. కొబ్బరి దింపు చేసి వస్తున్న మనుషులతో బస్సు కిక్కిరిసి ఉంది. మాకు వాళ్ళు సీటిచ్చారు. అమ్మాయి కిటికీ వైపు తిరిగి కూర్చుంది. నేను ఆమె చెయ్యి పట్టుకోలేదు. మా ఇంట్లో అలాంటివి అలవాటు లేదు. ఆమె సంచి మాత్రం తీసుకుని నా ఒళ్ళో పెట్టుకున్నాను.

ఇంటికి వెళ్ళేసరికి ఆయన మగతలో ఉన్నారు. వదినగారు మేం వెళ్ళినప్పటినుంచి గ్లాసుడు మజ్జిగ తప్ప పుచ్చుకోలేదని చెప్పి వెళ్ళింది. అన్నం వండాను. అమ్మాయి తినలేదు. గిన్నె మూతపెట్టి ఉంచాను.

మర్నాడు పొద్దున్న ఆయన తెలివిగా లేచారు. మొహం కడిగి, దిండు ఎత్తి కూర్చోబెట్టాను.

"అమ్మాయి తెచ్చిందా?"

"తేలేదండి. పోయింది."

"ఎంతవరకూ?"

"అంతానండి. కరెంటు పోయినప్పుడు చెడిపోయింది. బాగుచెయ్యబోతే పూర్తిగా పోయింది. నేనే చెయ్యమన్నాను."

ఆయన చూపులేని కళ్ళతో నా వైపు తిరిగి ఉన్నారు. అమ్మాయి తలుపు దగ్గర నిలబడి ఉంది. అది ఆయనకి తెలుసో లేదో నాకు తెలీదు.

"ఆయ్" అన్నారు.

కాసేపటికి జావ అడిగారు. సగం తాగి చాలన్నారు. పక్కకి తిప్పమంటే గోడ వైపు తిప్పాను.

అమ్మాయి లోపలికి రాలేదు. చెప్పులేసుకుని ఎప్పటి బస్సుకే వెళ్ళింది. ఆ రోజు కొత్త బ్యాచి చేరే రోజు. మిషనులో చోటు కావాలని మేష్టరుగారు అన్నారట. ఆ అంకెల ముక్కలన్నీ తనే తీసేసి, వచ్చిన పిల్లల్ని కూర్చోబెట్టి, వేళ్ళు ఎక్కడ పెట్టాలో చూపించిందట.